ముల్లును ముల్లుతో తీసిన వైద్యం

ముల్లును ముల్లుతోనే తీయాలని మన పెద్దల మాట. హృద్రోగ చికిత్సా చరిత్రలో ఆ మాటను సార్థకం చేసిన ఘట్టమొకటి ఉన్నది.

1958లో లండను నగరంలో డొనాల్డ్ టియర్ అనే శవపరీక్షా నిపుణుడు ఎనిమిది మంది హృదయాలను పరిశీలించి ఒక వింతను ప్రకటించాడు. వారిలో అధికులు యౌవనంలో హఠాత్తుగా కన్నుమూసినవారు. గుండె దిగువ గదులను వేరుపరచే కండరపు గోడ వారిలో విపరీతంగా మందమై ఉన్నది. ఈ వ్యాధిలో పలువురికి ఆ గోడ ఉబికి, ఎడమ గది నుండి రక్తం వెలువడే దారికి అడ్డు నిలుస్తుంది. ఆయాసం, గుండెనొప్పి, స్పృహ తప్పడం దాని లక్షణాలు. ఇది వంశపారంపర్యంగా సంక్రమించే వ్యాధి. దీనికి మూలమైన జన్యులోపాలలో మొదటిది 1990లో బయటపడింది.

1960 దశకంలో అమెరికాలో ఆండ్రూ మారో, రొమ్ము తెరచి ఆ గోడలో కొంత భాగాన్ని కోసివేసే శస్త్రచికిత్సను తీర్చిదిద్దాడు. విధి వైచిత్రి ఏమంటే, ఆయన కూడ అదే వ్యాధికి లోనైనవాడు. కాని శస్త్రచికిత్సను తట్టుకోలేని రోగులకు దారి ఏది?

ఆ దారి చూపినవాడు ఉల్రిచ్ సిగ్వార్ట్. రక్తనాళాలలో నడిపే సన్నని గొట్టాలతో, అనగా కాథెటర్లతో, చికిత్స చేయడంలో ఆయన ఆరితేరినవాడు. 1986లో హృదయ ధమనులలో స్టెంటును అమర్చిన తొలి వైద్యులలో ఒకడు. గోడకు రక్తమందించే చిన్న ధమనిని బుడగతో కొద్దిసేపు మూసినపుడు అడ్డు తగ్గడం ఆయన గమనించాడు. శాశ్వతంగా మూస్తే? 1994లో లండనులోని రాయల్ బ్రాంప్టన్ ఆసుపత్రిలో ఆ సాహసానికి పూనుకొన్నాడు. కాథెటరును ఆ ధమనిలోకి నడిపి, మందు వెనుకకు చిమ్మకుండా బుడగను ఉబ్బించి, కొద్ది మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలును ఎక్కించాడు. అది సోకినంత మేర కండరం మృతమై, క్రమంగా పలచబడి, రక్తానికి దారి విడుస్తుంది. ముగ్గురు రోగుల వృత్తాంతం 1995లో లాన్సెట్ పత్రికలో వెలువడింది.

ఏ గుండెపోటును నివారించడానికి వైద్యలోకం అహోరాత్రాలు శ్రమిస్తున్నదో, దానినే చిన్న పరిమాణంలో వైద్యుడు స్వహస్తాలతో కలిగించాడన్నమాట! కనుకనే జాగ్రత్తలు పెరిగాయి. మందు ఏ భాగానికి చేరుతుందో అల్ట్రాసౌండు సాయంతో ముందుగా చూసుకొనడం తరువాత ఆచారమయింది. అయినప్పటికీ గుండెలోని విద్యుత్ మార్గం దెబ్బతిని కొందరికి పేస్‌మేకరు అవసరమౌతుంది. ధమని అమరిక అనుకూలించని వారికి ఈ పద్ధతి తగదు.

ఈ చికిత్స అడ్డును తొలగిస్తుందే గాని, వంశంలోని లోపాన్ని తొలగించదు. కనుక ఒకరిలో వ్యాధి కనబడినపుడు, వారి తోబుట్టువులకూ బిడ్డలకూ పరీక్షలు చేయించడం అవసరం. టియర్ మరణానంతరం చూసిన ఆ మందపు గోడను నేడు బ్రతికి ఉండగానే, బాధ తెలియని పరీక్షతో చూడవచ్చును.