మండపం క్యాంపు - ఆ పేరు వెనుక కథ

2021 ఫిబ్రవరిలో, కరోనా కాస్త నెమ్మదించిన రోజుల్లో, విశ్రాంత ఉద్యోగులం నలుగురం రామేశ్వరం దారిలో మండపం దగ్గర కొబ్బరితోటలో గుడారాలు వేసుకుని రెండు రాత్రులు గడిపాము. సత్రంలో పదిమంది మధ్య పడుకోవడం కంటే సముద్రపు గాలి మేలనిపించింది. అక్కడి తపాలా చిరునామాలో ‘మండపం క్యాంపు’ అని ఉంటుంది. ఇంతకీ ఎవరి క్యాంపు అది?

1896లో బొంబాయిలో ప్లేగు ప్రవేశించింది. సిలోన్ తేయాకు తోటలకు తమిళ కూలీలు కావాలి, వారి వెంట ప్లేగు, కలరా మాత్రం రాకూడదు! అందుకని సిలోన్ ప్రభుత్వమే మన గడ్డమీద క్వారంటైన్ శిబిరం నడిపింది. 1914లో పాంబన్ వంతెన తెరుచుకున్నాక ధనుష్కోటి మీదుగా వెళ్ళే కూలీలను మండపంలో ఆపి, బట్టలు శుద్ధిచేసి, మశూచి టీకాలు వేసి, కొన్నాళ్ళు కనిపెట్టి చూసి ఓడ ఎక్కించేవారు. వారికి తోట నంబరు కొట్టిన రేకుబిళ్ళలు ఇచ్చేవారు, మనం ఆఫీసులో ఫైళ్ళకు నంబర్లు వేసినట్లు. ఇదంతా కూలీల ప్రాణాలమీద ప్రేమతోనని నేననుకోను. తోటల్లో పని ఆగకూడదు, అంతే. మా గుడారాలు మేము ఎప్పుడైనా విప్పుకోవచ్చు. వారికి ఆ వీలు లేదు.

1964లో శాస్త్రి-సిరిమావో ఒప్పందం కుదిరింది. ఆ కూలీల మనుమలు, మునిమనుమలు ఓడ దిగి వచ్చినప్పుడు చాలామందికి తొలి మజిలీ మళ్ళీ మండపమే. 1983 అల్లర్ల తరువాత శరణార్థులను ఉంచినదీ అక్కడే.