సముద్రపు దొంగలు, సాఫ్ట్‌వేర్ దొంగలు

ఒమాన్ సింధుశాఖ తీరాన ఉన్న కల్బా నేడు షార్జా ఎమిరేట్‌లో భాగం. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలు అత్యవసరంగా దిగడానికి చోటిచ్చినందుకు 1936లో బ్రిటిష్ ప్రభుత్వం దానిని ప్రత్యేక సంస్థానంగా గుర్తించింది. 1950ల తొలినాళ్ళలో అది తిరిగి షార్జాలో కలిసింది. ఏలినవారు అల్ ఖాసిమీ వంశీయులు. అంతకు శతాబ్దం ముందు బ్రిటిష్‌వారు సముద్రపు దొంగలన్నది ఈ వంశాన్నే. 1819 డిసెంబరులో బొంబాయి నుంచి వెళ్ళిన సేన రాస్ అల్ ఖైమాను కూల్చింది. మరుసటి నెలలో సంధి కుదిరింది. ఆంగ్లేయుల వ్యవహారంలో మాత్రం అది చాలాకాలం 'దొంగల తీరం'గానే నిలిచింది. వ్యాపారంలో పోటీని అణచడానికే ఈస్టిండియా కంపెనీ ఈ నింద మోపిందని షార్జా పాలకుడు సుల్తాన్ బిన్ ముహమ్మద్ అల్ ఖాసిమీ 1986లో ఒక గ్రంథమే వెలువరించారు. అందరు చరిత్రకారులూ దానితో ఏకీభవించలేదు.

'పైరేట్' అన్న ఆ మాటే 17వ శతాబ్దం నాటికి, అనుమతి లేకుండా పుస్తకాలు అచ్చువేసేవారికీ అంటుకుంది. కంప్యూటర్ ప్రోగ్రాముల వంతు తర్వాత వచ్చింది. ఆల్టెయిర్ బేసిక్ వాడేవారిలో అధికులు దానిని దొంగిలించినవారేనని 1976 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ బహిరంగ లేఖ రాశారు. ఓడను దోచుకుంటే యజమానికి ఓడ ఉండదు. నకలు తీస్తే అసలు అతని వద్దే ఉంటుంది. పోయేది శ్రమకు రావలసిన ప్రతిఫలం. ఈ తేడాను చట్టాలు కొంతే పట్టించుకున్నాయి. ఎమిరేట్స్‌లో 1992లో ఒక కాపీరైటు చట్టం, 2002లో మరొకటి వచ్చాయి. భారతదేశంలో 1994 నాటి సవరణ, తెలిసి నకిలీ ప్రోగ్రామును వాడటమే నేరమన్నది. కనీస శిక్ష ఏడు రోజుల జైలు. వాడకం లాభార్జనకు కాకపోతే జరిమానాతో సరిపెట్టే వెసులుబాటు కోర్టుకు ఇచ్చింది.

నష్టం యజమానికే పరిమితం కాదు. 2017 మేలో వానాక్రై బ్రిటన్ ఆసుపత్రులను స్తంభింపజేసింది; వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఆ లోపానికి సవరణ మార్చిలోనే వచ్చింది. ఆ ఆసుపత్రులవి దొంగ ప్రతులని కాదు; సవరణ వేసుకోకపోవడమే కారణం. పట్టుబడతామని అప్‌డేట్లు ఆపేసుకునే దొంగ ప్రతి ఎప్పుడూ ఆ స్థితిలోనే ఉంటుంది.

తెలుగు కథ వేరు. 1990లలో డీటీపీ ఫాంట్లు దేనికది సొంత సంకేతాలు వాడేవి. ఒకదానిలో కూర్చినది మరొకదానిలో తెరిస్తే అర్థంలేని గీతలు. అంటే చదవడానికి కూడా అదే ఫాంటు కావాలి. కొనలేనివారు నకలు తెచ్చుకున్నారు. వారిని దొంగలనడం సులభమే గాని, అక్షరానికి తాళం వేసిన పద్ధతినీ అడగవలసి ఉంది. 1991లోనే యూనికోడ్‌లో తెలుగు చోటుచేసుకుంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను ఉచితంగా ఇచ్చారు. తర్వాత సిలికానాంధ్ర చొరవతో మరిన్ని ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చాయి. పాత సంకేతాల్లో కూర్చిన పుస్తకాల ఫైళ్ళు మాత్రం ఇంకా మార్పిడికి ఎదురుచూస్తున్నాయి.