కూలి పెరగని లాభం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ఇప్పుడు ఇన్ఫోసిస్ షేర్లో, టీసీఎస్ షేర్లో కొనిపెట్టుకున్న కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఆ కంపెనీల్లో పనిచేసే పిల్లలూ ఆ ఇళ్లలోనే ఉంటారు. షేర్ల బైబ్యాక్ అని వార్త వస్తే తండ్రికి సంతోషం. కూతురి జీతం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. లాభం వాటాదారుకా, పనిచేసేవాళ్లకా అన్న ఈ తగాదాకు నేనుంటున్న అమెరికాలో వందేళ్లు దాటాయి.

1914 జనవరిలో హెన్రీ ఫోర్డ్ తన కార్ల ఫ్యాక్టరీలో రోజుకూలిని ఒక్కసారిగా రెట్టింపు చేసి 5 డాలర్లు ఇస్తానన్నాడు. పని ఎనిమిది గంటలకు తగ్గించాడు. కూలీలు నిలవక ఫ్యాక్టరీ సతమతమవుతున్న రోజులవి. 1916లో ఇక ప్రత్యేక డివిడెండ్లు ఇవ్వను, ఆ డబ్బుతో ఫ్యాక్టరీ పెంచుతా, కారు ధర తగ్గిస్తా అన్నాడు. పదోవంతు వాటా ఉన్న డాడ్జ్ అన్నదమ్ములు కోర్టుకెక్కారు. కంపెనీ నడిచేది ముఖ్యంగా వాటాదారుల లాభం కోసమేనని 1919లో మిషిగన్ సుప్రీంకోర్టు తేల్చి, దాదాపు 1.9 కోట్ల డాలర్లు పంచిపెట్టమంది.

అప్పట్లో పంచడమంటే డివిడెండే. 1929 షేర్ మార్కెట్ పతనం చూశాక 1934లో తెచ్చిన చట్టం వల్ల, కంపెనీ తన షేర్లు తనే ఎక్కువగా కొంటే ధరను కావాలని పెంచిందన్న కేసు మెడకు చుట్టుకునే ప్రమాదం ఉండేది. 1982 నవంబరులో రీగన్ ప్రభుత్వం ఆ భయం తీసేసింది. వాల్‌స్ట్రీట్ బ్రోకరేజీ నుంచి వచ్చిన జాన్ షాడ్ షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెక్యూరిటీస్ కమిషన్‌కు ఛైర్మన్‌గా ఉండగా 10బి-18 అనే నియమం వచ్చింది. రోజుకు జరిగే సగటు లావాదేవీల్లో 25 శాతం దాటకపోవడం వంటి షరతులు పాటిస్తే చాలు, ఆ కొనుగోళ్ల మీద ఆ కేసు ఉండదు.

ప్రొద్దుటూరులో పదిమంది సమాన వాటాలతో బంగారు అంగడి పెట్టారనుకోండి. వచ్చిన లాభంతో ఇద్దరి వాటాలు కొనేసి పంపించేశారు. మిగిలిన ఎనిమిది మందికీ ఎవరి జేబులోంచీ రూపాయి తీయకుండానే వాటా పదోవంతు నుంచి ఎనిమిదోవంతు అయింది. వెనక గదిలో కుంపటి ముందు కూర్చుని నగ చేసే ఆచారి కూలి మారలేదు. బైబ్యాక్ అంటే ఇదే.

పై అధికారుల జీతం కూడా షేర్ల రూపంలోకి మారాక దీనికి పట్టపగ్గాల్లేవు. షేరు ధర పెరిగితే లాభపడేది, ఎప్పుడు కొనాలో నిర్ణయించేది ఒకరే. 2003 నుంచి 2012 వరకు 449 పెద్ద అమెరికన్ కంపెనీలు తమ లాభాల్లో 54 శాతం బైబ్యాక్‌లకే పెట్టాయని ఆర్థికవేత్త విలియం లాజోనిక్ లెక్క తీశాడు. ఇంకో 37 శాతం డివిడెండ్లకు పోయింది. మిగిలింది చూడండి!

2017 చివర్లో కార్పొరేట్ పన్నును 35 నుంచి 21 శాతానికి తగ్గించి, జీతాలు పెరుగుతాయని ఊరించారు. వాల్‌మార్ట్ కనీస కూలి గంటకు 11 డాలర్లు చేసి, ఒక్కసారికి బోనస్ ప్రకటించింది. 1,000 డాలర్లు పూర్తిగా అందాలంటే ఇరవై ఏళ్ల సర్వీసు ఉండాలి. అంతకు కొన్ని నెలల ముందే అదే కంపెనీ 2,000 కోట్ల డాలర్ల బైబ్యాక్‌కు ఆమోదం తెలిపింది. ఎస్ అండ్ పీ 500 సూచీలోని పెద్ద కంపెనీలు 2018 ఒక్క ఏడాదిలో 80,000 కోట్ల డాలర్లకు పైగా బైబ్యాక్‌లకు పోశాయి. 2023 నుంచి వీటి మీద 1 శాతం పన్ను ఉంది. అది చీమ కుట్టినట్టు కూడా లేదు.

పనిలేని డబ్బును వాటాదారుకు తిరిగిస్తే తప్పేమిటని అడుగుతారు. పింఛను నిధుల్లోనూ షేర్లున్నాయి, నిజమే. కానీ ఇక్కడ షేర్లలో సింహభాగం ధనికుల దగ్గరే ఉంది. గల్లాపెట్టె దగ్గర నిలబడి కాళ్లు వాచిన మనిషికి ఆ దారిన చేరేది ఎంత?

మన దేశం బైబ్యాక్‌కు తలుపు తీసింది 1998లో. 2017 నుంచి 2023 వరకు టీసీఎస్ ఐదుసార్లు కలిపి 83,000 కోట్ల రూపాయల బైబ్యాక్‌లు చేసింది. ఐటీలో కొత్తగా చేరేవాళ్ల జీతం ఆ ఏళ్లంతా మూడున్నర లక్షల చుట్టుపక్కలే తిరిగింది. 2025లో అదే కంపెనీ 12,000 మందిని తగ్గించుకుంటామంది. ఇది ఐటీ కథే కాదు. ఎర్రగుంట్ల జువారి సిమెంటు 2016లో జర్మనీ కంపెనీ హైడెల్‌బర్గ్ గొడుగు కిందికి వెళ్లింది. ఆ మాతృసంస్థ 2021లో 100 కోట్ల యూరోల బైబ్యాక్ మొదలుపెట్టింది.

అమెరికాలో లేనిది మనకొకటుంది. 1965 బోనస్ చట్టంతో మొదలై ఇప్పుడు వేతన కోడ్‌లో కొనసాగుతున్న నియమం ప్రకారం, నష్టమొచ్చినా అర్హులకు జీతంలో కనీసం 8.33 శాతం బోనస్ ఇవ్వాలి. ఇక, అమెరికాలోలాగే మన దగ్గరా లిస్టయిన కంపెనీలు, డైరెక్టరు జీతం మధ్యస్థ ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లో వార్షిక నివేదికలో రాయాలి. జీతాల ఒప్పందానికి కూర్చునే యూనియన్లు ఆ పేజీని, బైబ్యాక్ లెక్కను పక్కపక్కన పెట్టుకుని మాట్లాడాలి.