చలి కొండల్లోకి గంజాయి ఎలా వచ్చింది?

లంబసింగి మంచు చూడటానికి ఏటా డిసెంబరులో మైదానం నుంచి కార్లు బారులు తీరుతాయి. ఆ చలే మన కొండలకు కాఫీని, మిరియాన్ని తెచ్చింది. గంజాయినీ తెచ్చింది. మొదటి రెండింటి గురించి గర్వంగా రాసుకుంటాం. మూడోదాని మాట ఎత్తితే మన గొంతు తగ్గిపోతుంది. ఈ సంచికలో దాని గురించే రాస్తున్నాను.

‘గంజాయి అంటే మన్యం పంట’ అనే మాట విని విని మన పిల్లలు కూడా నమ్మేశారు. పాత కాగితాలు వేరే కథ చెబుతాయి. గంజాయి, భంగు, చరస్‌ల సంగతి తేల్చడానికి 1893లో ఆనాటి ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. 1894లో అది సంపుటాల కొద్దీ నివేదిక ఇచ్చింది. అందులో మద్రాసు రాజధానిలో గంజాయి పండే చోట్లుగా కనిపించే పేర్లు బాపట్ల తాలూకాలోని సంతరావూరు, దగ్గుబాడు, ఉత్తర ఆర్కాటులోని జవ్వాది కొండలు. అంటే తెలుగు నేల మీద పేరున్న గంజాయి సముద్రానికి దగ్గరి నల్లరేగడిలో, మైదానపు రైతుల చేలల్లో పండింది. నిషేధం వద్దు, లైసెన్సు పెట్టి పన్ను వేస్తే చాలు అని కమిషన్ తేల్చింది.

మత్తు మీద పన్ను అంటే ఏమిటో మన వాళ్లకు అప్పటికే బాగా తెలుసు. 1879 రంప పితూరీ మొదలైంది కల్లు దగ్గరే. కొండ మీద జీలుగు కల్లు తాగుడు సరుకు ఒక్కటే కాదు. ఎండాకాలంలో గింజలు అయిపోయాక చాలా ఇళ్లకు అదే ఆహారం. అలాంటి చెట్టును సొంతానికి గీసుకోకూడదని ఆబ్కారీ నిబంధన వచ్చింది. కల్లు హక్కు కౌలుదార్ల చేతికి పోయింది. దానికి తోడు మనసబుదారు చిగురుపన్ను. కారం తమ్మన్నదొర వంటి వాళ్లు తిరగబడ్డారు, చోడవరం పోలీసుల మీద పడ్డారు. తిరుగుబాటు మరుసటి ఏడాదికీ సాగింది. లాభం కౌలుదారుది, తుపాకీ గుండు కొండవాడిది. ఈ లెక్క గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

గంజాయి విషయానికొస్తే, 1985 నవంబరులో మాదకద్రవ్యాల చట్టం అమల్లోకి వచ్చింది. లైసెన్సు గంజాయి కాలం ముగిసింది. కానీ కొనేవాడు మిగిలాడు. కొనేవాడుంటే పంట ఎక్కడికో ఒకచోటికి పోవాలి. రోడ్డు లేని చోటికి, రెవెన్యూ ఉద్యోగి ఏడాదికోసారైనా రాని చోటికి పోతుంది. చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచింగిపుట్టు, అటు ఒడిశా సరిహద్దు, అన్నీ అలాంటి చోట్లే.

చలి మాట కూడా చెప్పాలి. చల్లని దేశాల్లో ఈ మొక్కను ఆరుబయట మొదటిసారి వేసినవాళ్లు ఎక్కువగా మంచుకే దెబ్బతింటారు. పగలు తగ్గుతుంటే తప్ప దానికి పూత రాదు. పూత ముదిరేలోపే అక్కడ గడ్డకట్టే చలి వచ్చేస్తుంది. మన కొండలు వేల అడుగుల ఎత్తున ఉన్నా ఉష్ణమండలంలోనివి. వానల తర్వాత ఆకాశం తేటపడుతుంది, చలి ఉంటుంది, కానీ మొక్క చచ్చేంత కాదు. ఈ సంగతి కనిపెట్టింది మన వాళ్లు కాదు. విత్తనం, పెట్టుబడి, సాగు నేర్పే మనిషి, మూడూ బయటి నుంచే వచ్చాయని పెద్దలు చెబుతారు. ‘శీలావతి’ అని ఓ రకానికి పేరు పెట్టారు. పతివ్రత పేరు దానికెందుకు పెట్టారో పెట్టినవాడికే తెలియాలి.

మన వాడు ఎందుకు ఒప్పుకున్నాడు? కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు. దానికి ముందు సిల్వర్ ఓక్ నీడ పెరగాలి. గంజాయికి కొన్ని నెలలు చాలు, డబ్బు ముందే చేతిలో పెడతారు. పసుపు, రాజ్‌మా సంతకు మోసుకెళ్తే వచ్చే ధర మీకు తెలుసు. తప్పు తప్పే, కాదనను. కానీ ఆకలికి ఉన్న తొందర మొక్కల పంపిణీ పథకాలకు ఎన్నడూ లేదు.

2021 చివర పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని కుప్పలు పోసి తగలబెట్టారు. మంచి పనే. కొన్ని ఊళ్లలో జనమే ముందుకొచ్చి పీకేశారు, అది ఇంకా మంచి పని.

తోటలు పోయాయి, కేసులు పోలేదు. సాగు చేస్తే పదేళ్ల దాకా శిక్ష. ఇరవై కిలోలు దాటిన సరుకుతో దొరికితే పదేళ్లకు తక్కువ కాదు, బెయిలూ కష్టమే. మూట మోస్తే కూలి వస్తుందని కొండ దిగిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఆ సెక్షన్లు చదివి దిగడు. సరుకు ఎవరిదో అతనికి పేరు కూడా తెలియదు. తెలిసింది ఒక ఫోన్ నంబరు, అది మర్నాటికే పనిచేయదు. నెలకోసారి ములాఖత్‌కు వెళ్లే తల్లి, రానుపోను ఖర్చుకు కోడిని అమ్ముతుంది. 1879 లెక్క ఇంకా కొట్టివేయబడలేదు.

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మా వైపు తోట నరికేసిన ఒక మెట్టలో ఈ ఏడు సిల్వర్ ఓక్ మొక్కలు మోకాలెత్తుకు వచ్చాయి. కాఫీ నాటడానికి ఆ నీడ ఇంకా చాలదు.