రోడ్ ఫైటర్, యాభై హెర్ట్జ్, మా ఊరి కరెంటు

రోడ్ ఫైటర్ గేమ్ అనంతపురంలో ఆడినవాడికీ, టోక్యోలో ఆడినవాడికీ ఒకే స్పీడులో నడిచిందా? కార్ట్రిడ్జ్‌లో కోడ్ ఒకటే, ఒక్క బైటు కూడా తేడా లేదు. స్పీడు మాత్రం ఒకటి కాదు. జపాన్‌లో అరవై సెకన్లలో అయిపోయే రేసు మన దగ్గర డెబ్భై రెండు సెకన్లు పట్టేది. తెర మీద మాత్రం రెండు చోట్లా 400 కిలోమీటర్లనే చూపించేది!

ఈ పన్నెండు సెకన్లు ఎక్కడికి పోయాయో వెతికితే, ఈరోజు మనం ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ గురించి చేసే "రిజల్యూషన్ ముఖ్యమా, ఫ్రేమ్ రేట్ ముఖ్యమా" అనే వాదన మొత్తం అందులోనే దొరుకుతుంది. ఆ వాదన గేమింగ్ కన్నా చాలా పాతది. అందుకే కొంచెం వెనక్కి వెళ్దాం.

మొదట కరెంటు. అమెరికాలో 60 హెర్ట్జ్, బ్రిటన్‌లో, యూరప్‌లో 50 హెర్ట్జ్ స్థిరపడ్డాయి. మనది బ్రిటిష్ వాళ్ళు వదిలివెళ్ళిన దారి కాబట్టి 50. 1930లలో టీవీ వచ్చినప్పుడు, తెర మీద బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు గీయాలి అన్న ప్రశ్నకి ఇంజనీర్లు కరెంటునే జవాబుగా తీసుకున్నారు. రెండూ ఒకే లెక్కలో లేకపోతే కరెంటు తాలూకు చారలు తెర మీద పాకుతూ కనపడేవి. ఒకే లెక్కలో ఉంటే అవి కదలకుండా ఉండేవి. అలా అమెరికా 525 గీతలు, సెకనుకి 30 ఫ్రేములు తీసుకుంది (కలర్ వచ్చాక 29.97 అయ్యింది, అది వేరే కథ). యూరప్ తర్వాత 625 గీతలు, 25 ఫ్రేములకి వచ్చింది. మన దూరదర్శన్ కూడా 625కే వెళ్ళింది, 1982లో కలర్ వచ్చినప్పుడు పాల్ పద్ధతి తీసుకుంది.

ఇప్పుడొక చిన్న గుణకారం. 625 ఇంటూ 25 అంటే 15,625. 525 ఇంటూ 29.97 అంటే సుమారు 15,734. చూశారా? సెకనుకి గీసే గీతలు రెండు చోట్లా దాదాపు ఒకటే! అమెరికా, జపాన్ ఆ గీతల్ని ఎక్కువ ఫ్రేములకి ఖర్చుపెట్టాయి, యూరప్, మనం ఎక్కువ రిజల్యూషన్‌కి ఖర్చుపెట్టాం. అంటే జీతం ఒకటే, ఖర్చులే వేరు అన్నమాట.

సరే, గేమ్ దగ్గరికొద్దాం. నింటెండో ఫామికామ్ 1983లో జపాన్‌లో వచ్చింది. దాని బొమ్మ 256 అడ్డం, 240 నిలువు, సెకనుకి 60 సార్లు. మన దేశంలో నింటెండో మిషన్ సమురాయ్ పేరుతో అమ్మకానికి వచ్చింది గానీ, మనలో ఎక్కువమంది ఇళ్ళకి వచ్చింది అది కాదు. మనకి వచ్చినవి దాని నకళ్ళు, అంటే "టీవీ గేమ్" అని అడిగితే కొట్టువాడు తీసి ఇచ్చేవి. డబ్బా మీద లక్షల గేములు ఉన్నాయని రాసుండేది, లోపల ఓ పది గేములే తిరిగి తిరిగి వచ్చేవి :) నేను స్కూల్లో ఉండగా, అంటే 2000ల మధ్యలో కూడా మా అనంతపురంలో ఇవే నడుస్తుండేవి. అప్పటికి బయట ప్రపంచంలో ప్లేస్టేషన్ 2 వచ్చి ఐదారేళ్ళయింది.

ఈ నకళ్ళలో తైవాన్‌కి చెందిన యూఎంసీ లాంటి కంపెనీల చిప్పులు ఉండేవి. వాళ్ళ తెలివిని మెచ్చుకోవాలి. జపాన్ కార్ట్రిడ్జ్ 262 గీతల ఫ్రేమ్‌ని నమ్ముకుని రాసింది. పాల్ టీవీకి 312 కావాలి. వీళ్ళు ప్రాసెసర్ స్పీడుని దాదాపు జపాన్ మిషన్ దగ్గరే ఉంచి (1.79 మెగాహెర్ట్జ్ బదులు 1.77), బొమ్మ గీయటం అయిపోయాక ఒక యాభై ఖాళీ గీతలు కలిపారు. ఆ ఖాళీలో ప్రాసెసర్ ఊరికే కూర్చుంటుంది. గేమ్‌కి ఏ అనుమానం రాదు, బొమ్మ చెదరదు. కాకపోతే సెకనుకి అరవై బదులు యాభై ఫ్రేములే వస్తాయి.

మనలాంటి ప్రోగ్రామర్లకి ఇక్కడే అసలు విషయం ఉంది. ఆ రోజుల్లో గేమ్‌కి గడియారం వేరే లేదు, ఫ్రేమే గడియారం. ఒక ఫ్రేమ్ గడిస్తే కారు ఇంత ముందుకి, పెట్రోలు ఇంత తక్కువ, మ్యూజిక్ ఒక అడుగు ముందుకి. ఫ్రేములు తగ్గితే అన్నీ కలిసి నెమ్మదిస్తాయి. అందుకే ఆడేవాడికి తేడా తెలియదు. కారుతో పాటు పెట్రోలు కూడా నిదానంగానే ఖర్చవుతుంది కదా. 50ని 60తో భాగిస్తే 0.83. మన రేసు ఆ 0.83 వంతు స్పీడుతో నడిచింది.

ఇంకో విచిత్రం. పాల్ తెర మీద ఒక్కసారికి కనపడే గీతలు 288, గేమ్ గీసేవి 240. మిగతావి పైనా కిందా నల్లటి పట్టీలు. 240ని 288తో భాగిస్తే మళ్ళీ అదే 0.83! కార్లు నిదానంగా నడవటమే కాదు, కాస్త చదునుగా కూడా కనపడేవి. యూరప్ ఎక్కువ రిజల్యూషన్ కోసం ఫ్రేములు వదులుకుంది. మనం టీవీ గేమ్‌లో ఆ ఫ్రేములూ పోగొట్టుకున్నాం, ఆ రిజల్యూషనూ వాడుకోలేదు. రెండిటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

మరి మా అనంతపురం కరెంటు? 2003కి ముందు దక్షిణ గ్రిడ్‌లో ఫ్రీక్వెన్సీ 49 కిందకి, ఒక్కోసారి 48 దాకా పడిపోవటం మామూలే. అప్పుడు గేమ్ ఇంకా నెమ్మదించేదా? లేదు. అందులో టైమింగ్ ఇచ్చేది ఒక క్వార్ట్జ్ స్ఫటికం, దానికి గ్రిడ్‌తో పని లేదు. వోల్టేజ్ పడితే పాత టీవీలో బొమ్మ కుంచించుకుపోయేది, అంతే. నెమ్మదించేది బోరు మోటారు. మోటారు స్పీడు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది, నీళ్ళు పైకెత్తే శక్తి ఆ స్పీడు వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే ఫ్రీక్వెన్సీ 4 శాతం పడితే ఎత్తే శక్తి దాదాపు 8 శాతం పడుతుంది. వందల అడుగుల లోతు బోర్లున్న జిల్లాలో ఇది చిన్న విషయం కాదు. ఒకే ఇంట్లో, ఒకే కరెంటు మీద, పిల్లవాడి కారు ఆగకుండా పరిగెత్తేది, శెనక్కాయ చేలో నీళ్ళు మాత్రం సన్నబడేవి. సొంత గడియారం ఉన్నదానికీ లేనిదానికీ తేడా అది. 2003 జనవరిలో దక్షిణాదిలో ఏబీటీ అనే కొత్త టారిఫ్ పద్ధతి వచ్చాక గ్రిడ్ కాస్త కుదురుకుంది, 2013 చివర్లో మిగతా దేశం గ్రిడ్‌తో కలిసింది.

ఇక త్రీడీ కాలం. గేమ్ పార్లర్ మిషన్ల మీద రిడ్జ్ రేసర్ (1993), డేటోనా యూఎస్ఏ (1994) 60 ఫ్రేములతో నడిచాయి. ఇంటి మిషన్లకి వచ్చేసరికి ప్లేస్టేషన్ రిడ్జ్ రేసర్ 30కి, సాటర్న్ డేటోనా సుమారు 20కి దిగాయి. 1997 గ్రాన్ టురిస్మో కూడా 30కే సరిపెట్టుకుంది. దీనికి ఎదురు నిలబడింది నింటెండో 64 మీద 1998లో వచ్చిన ఎఫ్-జీరో ఎక్స్. తెర మీద 30 బళ్ళు, 60 ఫ్రేములు! అందుకోసం బొమ్మల్లో అలంకారమంతా తీసేశారు. ఫోటో చూస్తే బీదగా ఉంటుంది. ఆడితే తెలుస్తుంది ఎందుకు తీసేశారో.

ఎందుకంటే, గంటకి 300 కిలోమీటర్ల స్పీడంటే సెకనుకి 83 మీటర్లు. 30 ఫ్రేముల దగ్గర కారు ఒక్కో ఫ్రేమ్‌కి 2.8 మీటర్లు దూకుతుంది, 60 దగ్గర 1.4 మీటర్లు. మలుపులో బ్రేక్ ఎక్కడ వెయ్యాలో ఆ దూకుడు మధ్యలో ఉంటుంది. వేరే ఆటల్లో 30 భరించొచ్చు, రేసింగ్‌లో అది చేతికి అందే కబురుని ఆలస్యం చేస్తుంది. కానీ పత్రికలోనూ డబ్బా మీదా వేసేది ఫోటో, ఫోటోకి ఫ్రేమ్ రేట్ ఉండదు. అందుకే అమ్మేవాడు ఎప్పుడూ రిజల్యూషన్ వైపే మొగ్గుతాడని నా అభిప్రాయం.

మధ్యేమార్గాలూ వచ్చాయి. 2008లో వైపౌట్ హెచ్‌డీ 60 ఫ్రేములు తప్పకుండా, బరువు ఎక్కువైనప్పుడు అడ్డం పిక్సెళ్ళు తాత్కాలికంగా తగ్గించుకుంది. 2018లో ఫోర్జా హొరైజన్ 4 ఎక్స్‌బాక్స్ వన్ ఎక్స్ మీద ఎంపిక మనకే వదిలేసింది: 4కె కావాలంటే 30, 60 కావాలంటే 1080పి. ఆ ఫోర్జా సిరీస్‌లో మన పక్కవాళ్ళ చెయ్యి కూడా ఉంది. బెంగళూరులో 1997లో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్ ఆ గేములకి ఆర్ట్ పని చేసింది, 2019లో దాన్ని రాక్‌స్టార్ కొనుక్కుంది. మా ఊరి నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగే దూరం. అదే 2019లో పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో నిజం కార్లు కూడా మొదలయ్యాయి లెండి!

ఫ్రేమ్‌ని గడియారంగా వాడే అలవాటు అంత తేలిగ్గా పోలేదు. 2013లో నీడ్ ఫర్ స్పీడ్ రైవల్స్ పీసీలో 30కి కట్టేశారు. కొందరు దాన్ని బలవంతంగా 60 చేస్తే, గేమ్ మొత్తం రెండింతల స్పీడుతో పరిగెత్తింది. రోడ్ ఫైటర్ కథే, తలకిందులుగా.

ఈరోజు మన ఇంట్లో ప్యానెల్ 50, 60 రెండూ తీసుకుంటుంది. పాల్ బాధ పోయింది. 256 ఇంటూ 240, సెకనుకి 50 సార్లంటే 30.7 లక్షల పిక్సెళ్ళు. 4కె, 60 అంటే దాదాపు 50 కోట్లు. నూటఅరవై రెట్లు పెరిగినా, సెట్టింగ్స్‌లోకి వెళ్తే అదే పాత ప్రశ్న: "క్వాలిటీ"నా, "పెర్ఫార్మెన్స్"నా? తేడా ఒక్కటే. అప్పుడు జవాబు ఎవరో, ఎక్కడో, మన పవర్ స్టేషన్ కట్టకముందే రాసేశారు. ఇప్పుడు రిమోట్ మన చేతిలో ఉంది. రేసింగ్ గేమ్ అయితే మాత్రం, నా మాట విని పెర్ఫార్మెన్స్ పెట్టుకోండి. ఆ పన్నెండు సెకన్లు మనకి ఎప్పటినుంచో బాకీ.