అడగని సాక్ష్యం

క్రీ.శ. 392 మే నెలలో గాల్ దేశంలోని వియెన్ పట్టణంలో రోమన్ చక్రవర్తి రెండో వాలెంటినియన్ ఉరికి వేలాడుతూ కనిపించాడు. అప్పటికి అతని వయసు 21. తనే ప్రాణం తీసుకున్నాడా, సేనాని అర్బోగాస్ట్ చంపించాడా అన్నది ఇప్పటికీ తేలని సంగతి. చనిపోవడానికి ముందు అతను మిలాన్ బిషప్ ఆంబ్రోస్‌కి కబురు పెట్టాడు, వచ్చి తనకు బాప్తిస్మం ఇమ్మని. ఆంబ్రోస్ బయలుదేరాడు, దారిలో ఉండగానే చావు కబురు ఎదురొచ్చింది. మిలాన్‌లో జరిగిన అంత్యక్రియల్లో చక్రవర్తి తోడబుట్టిన ఆడపిల్లలు యుస్టా, గ్రాటా కుమిలిపోతున్నారు. మనిషి పోయాడన్న దుఃఖం ఒకటైతే, బాప్తిస్మం అందకుండానే పోయాడే, ఇక అతని ఆత్మ గతేమిటన్న బెంగ ఇంకొకటి. ఆ రోజు ఆంబ్రోస్ చేసిన ప్రసంగం నేటికీ మిగిలి ఉంది. అతను అడిగాడు, అడిగాడు గనుక పొందాడు అన్నది అందులోని సారం. బాప్తిస్మం లేకుండా చనిపోయిన హతసాక్షులను వాళ్ల రక్తమే కడిగినప్పుడు, ఇతన్ని ఇతని భక్తీ కోరికా కడిగాయని ఆయన ధైర్యం చెప్పాడు. కానీ తాడు బిగిసిన ఆ క్షణంలో వాలెంటినియన్ మనసులో ఏముందో ఆంబ్రోస్‌కి తెలియదు. తెలిసినట్టు చెప్పనూ లేదు. ప్రాణం పోతున్న మనిషి ఆఖరి గడియలోనైనా దేవుడి వైపు తిరగాలని అయినవాళ్లు పెట్టుకునే ఆశ క్రైస్తవంలో ఇంత పాతది. ఆ ఆశ ఫలించిందని పదిమందికీ రుజువు చూపించాలన్న పట్టుదల మాత్రం చాలా తర్వాత బలపడింది. ఈ రెండింటినీ కలిపేయడం వల్ల దెబ్బతిన్నది ఆశేనని నా వాదన.

ఈ ఆశకు వేరు లూకా సువార్త 23వ అధ్యాయంలో ఉంది. యేసు పక్కన సిలువ మీదున్న ఇద్దరు నేరస్థుల్లో ఒకడు తనను జ్ఞాపకం చేసుకోమని వేడుకుంటే, ఆ రోజే తనతో పరదైసులో ఉంటావని యేసు మాటిచ్చాడు. వాడికి బాప్తిస్మం లేదు, చేసిన చెడు సరిదిద్దుకునే వ్యవధి లేదు, మారాడని రుజువుగా చూపించడానికి మర్నాడు లేదు. అయితే నాలుగో శతాబ్దం వచ్చేసరికి ఆఖరి గడియ చాలామందికి సొంత లెక్కగా మారింది. బాప్తిస్మం పాపాలన్నిటినీ కడుగుతుంది, ఆ తర్వాత పడిపోతే తిరిగి లేవడం కఠినమైన ప్రాయశ్చిత్తంతో కూడిన పని. అందుకని దాన్ని వాయిదా వేసుకుంటూ పోయేవారు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి 337లో, నికొమేడియా దగ్గర, మరణశయ్య మీదే బాప్తిస్మం తీసుకున్నాడు. ఈ వాయిదా మీద 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో నాజియాంజస్ గ్రెగరీ గట్టిగా విరుచుకుపడ్డాడు. అంతకుముందే నియోసిజేరియా సభ, జబ్బు మంచం మీద బాప్తిస్మం పొందినవాణ్ని సంఘపెద్దగా నియమించవద్దని తీర్మానించింది. వాడి విశ్వాసం ఇష్టంతో కాక అవసరంతో పుట్టిందని దాని ఉద్దేశం. అదే నియమంలో, తర్వాత చూపిన ఆసక్తిని బట్టో మనుషులు దొరక్కపోవడాన్ని బట్టో మినహాయింపు ఇవ్వవచ్చనీ ఉంది. 325లో నైసియా సభ ఇంకో అడుగు వేసింది. చావు ముంగిట ఉన్న ఎవరికీ ఆఖరి ప్రసాదం నిరాకరించకూడదంది; ఒకవేళ ఆ మనిషి కోలుకుంటే ఏ వరుసలో నిలబెట్టాలో కూడా ఆ నియమంలోనే రాసిపెట్టింది. 428లో పోప్ సెలెస్టీన్, దక్షిణ గాల్‌లో చనిపోయేవాళ్లకు పశ్చాత్తాపాన్ని నిరాకరిస్తున్నారని విని, సిలువ మీది దొంగను గుర్తుచేస్తూ అక్కడి బిషప్పులను మందలించాడు. ఇన్ని నియమాలు చదివాక నాకు తోచేది ఒకటే. ఆఖరి గడియ మార్పుని ఆనాటి పెద్దలు అనుమానించారు, దాని మీద హోదాలు కట్టబెట్టడానికి ఒప్పుకోలేదు, అయినా తలుపు మాత్రం మూయలేదు.

పదిహేనో శతాబ్దపు యూరప్‌లో ఎలా చనిపోవాలో నేర్పే ‘ఆర్స్ మొరియెండి’ అనే చిన్న పుస్తకం ఊరూరా పాకింది. చదువు రానివాళ్ల కోసం దానిలో చెక్క అచ్చులతో బొమ్మలు వేశారు. మంచం చుట్టూ దెయ్యాలు మూగి రోగిని అయిదు శోధనలకు గురిచేస్తుంటాయి: అవిశ్వాసం, నిరాశ, అసహనం, గర్వం, లోభం. నిరాశకు విరుగుడు చూపే బొమ్మలో సిలువ మీది దొంగ కనిపిస్తాడు. ఆశ్చర్యం ఏమిటంటే ఆ పుస్తకం దృష్టిలో ఇంటివాళ్లు సాయం కన్నా ఆటంకమే ఎక్కువ. ఆలుబిడ్డల మీద, ఆస్తి మీద మనసు పోనివ్వడం లోభంలో భాగం. పక్కన ఉండాల్సింది ప్రశ్నలు అడిగి ధైర్యం చెప్పే నమ్మకమైన స్నేహితుడు. అయినా ఇంటివాళ్ల ఆశకు అప్పట్లో వేరే చోటుంది. ప్రాణం పోయాక కూడా ప్రార్థించవచ్చు, పూజ చెప్పించవచ్చు, నవంబరు 2న సకల ఆత్మల పండుగ జరపవచ్చు. మంచం దగ్గర ఏం జరిగిందో తెలియకపోయినా చేయగలిగింది మిగిలే ఉండేది.

సంస్కరణోద్యమం ఆ చోటుని మూసేసింది. ఇంగ్లండ్ చర్చి 1549 నాటి ప్రార్థన పుస్తకంలో భూస్థాపన వేళ చనిపోయినవాళ్ల కోసం ప్రార్థనలున్నాయి. 1552 నాటి పుస్తకంలో అవి లేవు. ఆత్మలకు వెల కట్టే వ్యాపారాన్ని ఆపాలన్న సంస్కర్తల కోపం న్యాయమైనదే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ దాని ఫలితంగా బరువంతా వచ్చి ఆఖరి గడియ మీద పడింది. ఊపిరి ఆగేలోపే అన్నీ తేలిపోవాలంటే, ఆ లోపు ఏం తేలిందో తెలుసుకోవాలన్న ఆరాటం ఇంటివాళ్లలో పెరగడం సహజం. 1778లో జాన్ వెస్లీ మొదలుపెట్టిన ‘ఆర్మీనియన్ మ్యాగజైన్’ సామాన్య విశ్వాసుల మరణ వృత్తాంతాలను, వాళ్ల ఆఖరి మాటలతో సహా, అచ్చువేసింది. అవి ఎందరికో ధైర్యమిచ్చాయి. దాంతోపాటు మంచి చావుకి ఒక నమూనా కూడా తయారైంది. ఆ నమూనాకి తగ్గ మాట పలకకుండా పోయినవాళ్ల ఇళ్లలో బెంగ రెట్టింపయింది.

రుజువు కోసం పాకులాట కతోలికుల్లోనూ ఉంది. 1685 ఫిబ్రవరి 5 రాత్రి లండన్ వైట్‌హాల్ మహలులో రెండో చార్లెస్ రాజు మరణశయ్య మీద ఉన్నాడు. ఆంగ్లికన్ బిషప్ థామస్ కెన్ ప్రభు భోజనం తీసుకోమని బతిమాలినా ఏదో చెప్పి దాటవేశాడు. తమ్ముడు జేమ్స్ కతోలికుడు; అన్న మనసు ఎటుందో ఎరిగినవాడు. గదిలోంచి అందరినీ పంపేసి, ఇద్దరు ప్రభువులను మాత్రం ఉంచి, జాన్ హడిల్‌స్టన్ అనే గురువును విగ్గు పెట్టించి, వేరే దుస్తుల్లో, వెనక మెట్ల దారిన రప్పించాడు. 1651లో ఊస్టర్ యుద్ధంలో ఓడి పారిపోతున్న చార్లెస్‌ను దాచి కాపాడినవాళ్లలో ఈ గురువు ఒకడు. పాపసంకీర్తనం, అవస్థ అభ్యంగనం, సత్ప్రసాదం అన్నీ ఓ ముప్పావు గంటలో ముగిశాయి. మర్నాడు రాజు కన్నుమూశాడు. తమ్ముడి ఆశ నిజమైనదని నమ్మడానికి నాకేమీ అభ్యంతరం లేదు. అయితే రాజయ్యాక జేమ్స్ అంతటితో ఊరుకోలేదు. అన్న పెట్టెలో దొరికాయంటూ కతోలిక విశ్వాసాన్ని సమర్థించే కాగితాలను 1686లో అచ్చువేయించాడు. మూసిన తలుపుల వెనక జరిగిన పశ్చాత్తాపం దాంతో రెండు వర్గాల రాజకీయ తగాదాలో ఒక కాగితం ముక్కయింది.

ఆశకీ రుజువు పట్టుదలకీ ఉన్న తేడాను అన్నిటికన్నా స్పష్టంగా చూపే ఉదంతం చార్లెస్ డార్విన్ ఇంట్లో ఉంది. ఆయన 1882 ఏప్రిల్ 19న చనిపోయాడు. 1915 ఆగస్టులో అమెరికన్ బాప్టిస్టు పత్రిక ‘వాచ్‌మన్ ఎగ్జామినర్’లో లేడీ హోప్ అనే ఇంగ్లిషు సువార్తికురాలు చెప్పిన కథ అచ్చయింది: తాను డార్విన్‌ను చూడబోయాననీ, ఆయన మంచం మీద బైబిలు చదువుతున్నాడనీ, తన సిద్ధాంతం గురించి విచారపడ్డాడనీ. 1922లో డార్విన్ కూతురు హెన్రియెట్టా లిచ్‌ఫీల్డ్ దీన్ని ఖండించింది. తండ్రి మరణశయ్య దగ్గర తాను ఉన్నాననీ, ఆ చివరి జబ్బులో లేడీ హోప్ రాలేదనీ రాసింది. అయినా ఆ కథ నేటికీ ప్రసంగ వేదికల మీద తిరుగుతూనే ఉంది. దాన్ని చెప్పేవాళ్లు ఆయన భార్య ఎమ్మాను తలచుకోరు. 1839లో, పెళ్లయిన కొత్తల్లో, నోటితో చెప్పలేక ఆమె భర్తకు ఒక ఉత్తరం రాసింది. రుజువైతే గానీ దేన్నీ నమ్మని శాస్త్రజ్ఞుడి అలవాటు, అలా రుజువు చేయలేని విషయాల్లో ఆయన మనసును మూసేస్తుందేమోనని అందులో భయపడింది. తామిద్దరం ఎప్పటికీ ఒకరికొకరం కాకపోతే తట్టుకోలేనంది. డార్విన్ ఆ ఉత్తరాన్ని బతికినంత కాలం దాచుకున్నాడు. తను పోయాక ఆమె చూస్తుందని దాని చివర, ఎన్నోసార్లు దీన్ని ముద్దుపెట్టుకుని ఏడ్చానని రాసిపెట్టాడు. భర్త మారాలని ఈమె కన్నా ఎక్కువగా కోరుకున్నవాళ్లెవరు? మంచం పక్కన చివరిదాకా ఆమె కూడా ఉంది. ఆయన మారాడని ఆమె ఒక్కసారీ చెప్పలేదు. డార్విన్ తన ఆత్మకథలో, నమ్మనివాళ్లకు శాశ్వత శిక్ష అన్న బోధ తన తండ్రినీ అన్ననూ స్నేహితులనూ కూడా నరకానికి పంపుతుందని, దాన్ని తీవ్రంగా దుయ్యబట్టాడు. ఆయన పోయిన ఆరు నెలలకు, 1882 అక్టోబరులో, ఆ పుట మీద ఎమ్మా తన మాట రాసింది. ఆ వాక్యం మరీ కటువుగా ఉంది, అచ్చువేయవద్దంది. ఆ వెంటనే, అవిశ్వాసానికి శాశ్వత శిక్ష అన్న బోధను ఎంత నిందించినా తప్పులేదనీ, దాన్ని క్రైస్తవం అనేవాళ్లు ఇప్పుడు చాలా కొద్దిమందేననీ చేర్చింది. 1887లో అచ్చయిన పుస్తకంలో ఆ భాగం లేదు; 1958లో మనవరాలు నోరా బార్లో తిరిగి చేర్చింది. రుజువు అక్కర్లేని ఆశ ఎలా ఉంటుందో చూడాలంటే లేడీ హోప్ కథ పక్కన ఈ నాలుగు వాక్యాలు పెట్టి చదవాలి.

దీనికి ఎదురుచెప్పేవాళ్లున్నారు, వాళ్ల మాటల్లో బలమూ ఉంది. ఆఖరి గడియ మీద ఆశ పెట్టడమంటే బతికినన్నాళ్లూ ఇష్టమొచ్చినట్టు బతకమని చెప్పడమేనన్నది మొదటి అభ్యంతరం. 1651లో ‘హోలీ డయింగ్’ రాసిన జెరెమీ టేలర్‌కి మరణశయ్య పశ్చాత్తాపం మీద దాదాపు నమ్మకం లేదు. బతుకు మారనిదే పశ్చాత్తాపం కాదన్నాడు. ఆరోగ్యంగా ఉన్నవాడికి ఆ హెచ్చరిక సరైనదే. తండ్రి మంచం పక్కన కూర్చున్న కూతురికి అదే మాట చెప్పడం అన్యాయం, ఆమె దేన్నీ వాయిదా వేయలేదు. రెండోది ఇంకా గట్టిది: శక్తి లేని రోగి చేత అవుననిపించడం బలవంతం కాదా? అవును, చరిత్రలో ఆ బలవంతం జరిగింది. 1730లో పారిస్ నటి అడ్రియెన్ లెకూవ్రర్ తన వృత్తిని వదులుకున్నట్టు ప్రకటించకుండా చనిపోతే క్రైస్తవ సమాధి దక్కనివ్వలేదు. ఆ సంగతి మరిచిపోని వోల్టేర్ 1778లో జబ్బు పడినప్పుడు గురువుకి ఒక కాగితం మీద సంతకం చేసిచ్చాడు, అయినా పారిస్‌లో సమాధి దొరకలేదు; శవాన్ని రహస్యంగా సెల్యేర్ మఠానికి తరలించాల్సి వచ్చింది. అయితే ఆ బలవంతానికి మూలం సంతకం కావాలన్న పట్టులో ఉంది. సంతకం అడగని ఆశకు ఎవరి చేతినీ పట్టుకుని రాయించే పని పడదు.

ఇక మూడోది లేఖనం నుంచే వస్తుంది. నోటితో ఒప్పుకోవాలని రోమీయులకు రాసిన పత్రిక పదో అధ్యాయం చెబుతుండగా, ఏమీ పలకని మనిషి మీద ఆశ దేని ఆధారంగా? తెలుగువాడికి ఇక్కడ అజామిళుడు గుర్తొస్తాడు. చావు ముంగిట నారాయణుడనే కొడుకును పిలుస్తూ పలికినా నారాయణ నామం పలికాడు గదా అంటుంది భాగవతం. అక్కడ నామం నాలుక మీదికి రావడం ముఖ్యం. క్రైస్తవంలో నోటి మాటకు అంత విలువ ఉన్నా, అది వినబడనిచోట తీర్పు చెప్పే అధికారం మనుషులకు దక్కలేదు. ఆగస్టీన్ ‘ఒప్పుకోలు’ నాలుగో పుస్తకంలో ఒక స్నేహితుడున్నాడు. జ్వరంతో స్పృహ లేకుండా పడి ఉండగా అతనికి బాప్తిస్మం ఇచ్చారు. తేరుకున్నాక తనతో కలిసి నవ్వుతాడనుకుని ఆగస్టీన్ దాన్ని ఎగతాళి చేస్తే, అతను శత్రువును చూసినట్టు చూసి, స్నేహం నిలవాలంటే అలాంటి మాటలు మానమన్నాడు. కొద్ది రోజులకే మళ్లీ జ్వరం వచ్చి పోయాడు. స్పృహ లేని మనిషిలో ఏదీ జరగదని ప్రాణస్నేహితుడే పొరబడ్డాడు. 1983 నాటి కతోలిక చర్చి చట్టం 1005వ నియమం, రోగి ప్రాణంతో ఉన్నాడా లేదా అన్న సందేహంలో కూడా అవస్థ అభ్యంగనం ఇవ్వమంటుంది. ఆత్మహత్య చేసుకున్నవాళ్లకు సైతం పశ్చాత్తాపపడే అవకాశాన్ని దేవుడు తనకే తెలిసిన దారుల్లో ఇవ్వగలడని 1992 నాటి సత్యోపదేశ గ్రంథం చెబుతోంది.

చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించే ధోరణీ, దాన్ని కాదనే ధోరణీ రెండూ తెలుగు నేల మీదికి వచ్చాయి. కతోలికులు సకల ఆత్మల పండుగను తెచ్చారు. 1840లో నెల్లూరు చేరిన అమెరికన్ బాప్టిస్టులు, 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ ఫాదర్ హైయర్ తెచ్చిన బోధలో చనిపోయినవాళ్ల కోసం ప్రార్థనకు చోటు లేదు. అయినా కోస్తా జిల్లాల్లో నవంబరు 2న సమాధుల పండుగకు కతోలికులతో పాటు ప్రొటెస్టెంటు కుటుంబాలు కూడా సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాయి. దాన్ని అజ్ఞానమని కొట్టిపారేసే బోధకులున్నారు. ఆఖరి గడియలోనే లెక్క ముగిసిందన్న బోధ ఇంటివాళ్ల ప్రేమకు సరిపోలేదనడానికి దాన్ని గుర్తుగా నేను చదువుతాను. ఆ పక్కనే ఆదరణ కూడికల్లో, పోయినాయన చివరి నిమిషంలో ప్రభువును అంగీకరించాడన్న సాక్ష్యం వినబడుతుంది. చెవులారా విన్నవాళ్లు చెబితే అది కృతజ్ఞతతో చెప్పుకోవాల్సిన మాటే. విననివాళ్ల చేత, సంఘం ముందు పరువు కోసం, అది చెప్పించకూడదు. కూతుర్ని పక్కకు పిలిచి నాన్న చివర్లో ఏమైనా అన్నాడామ్మా అని గుచ్చిగుచ్చి అడిగే పెద్దలు, నైసియా సభ గానీ ఆంబ్రోస్ గానీ ఎవరినీ అడగని రుజువును ఆమెను అడుగుతున్నారు.