పాతబస్తీ నుండి అలంపురమునకు

రజతోత్సవ సంవత్సరమున సభ్యులందఱు కలసి ఒక విహారయాత్ర చేయవలెనని మన గ్రంథాలయమువారు తీర్మానించి, యాత్రాక్రమమును వ్రాసియిచ్చు పని నాకప్పగించినారు. మొదటి దినము హైదరాబాదు పాతబస్తీ, రెండవ దినము అలంపురము. లెక్కలు వ్రాయువానికి దారిఖర్చు వ్రాయుట కష్టము కాదు. ఆ కాగితమును కార్యదర్శిగారికి వేఱుగా నిచ్చితిని. చూడబోవు ఊరి చరిత్ర తెలియక పోయినవాడు రాళ్లను చూచి వచ్చును గాని ఊరిని చూచి రాడు. అందుచేత ఈ నాలుగు మాటలు.

యాత్రకు ముందు ఎట్లు సిద్ధపడవలెనో మన భాషలో చక్కగా తెలిపినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన 1830 మే 18న చెన్నపట్టణమున బయలుదేరి, శ్రీశైలము దర్శించి, కృష్ణ దాటి, హైదరాబాదు మీదుగా కాశి చేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. ఏ మజిలీలో ఏ వస్తువు దొరకును, ఏ బాట గుంటలది, ఏ ఊర నీరు మంచిది అని ఏ దినమున కా దినము వ్రాసియుంచెను. అది భక్తుని పుస్తకమే గాని, అంతకంతయు లెక్క తెలిసినవాని పుస్తకము. మనవారు బస్సెక్కుటకు ముందు కాశీయాత్ర చరిత్రలోని హైదరాబాదు ఘట్టమైనను చదువవలెనని నా కోరిక.

పాతబస్తీలో చార్మినారు, మక్కా మసీదు చూపుటకు నేనక్కఱలేదు. అవి చూచిన పిదప షాఅలీబండ మీదుగా దక్షిణముగా అలియాబాదు వఱకు నడువుడు. నగరమునకు ప్రాకారమున్న దినములలో దక్షిణపు దర్వాజా అక్కడనే యుండెడిది. బాటసారులు దిగుటకు కట్టిన సరాయి కూడ అక్కడిదే. కృష్ణా తుంగభద్రల వైపు పోవు బాట ఇదియే. నేటి రైలుమార్గము కూడ ఫలక్‌నుమా మీదుగా మహబూబునగరు, గద్వాల దాటి కర్నూలికి పోవుచున్నది. మన యాత్రకు నిజమైన ఆరంభము ఈ చోటు.

మూసీ వంతెనపై ఒక్క నిమిషము ఆగవలెను. 1908 సెప్టెంబరు 28న ఈ నది పొంగి వేలకొలది ప్రాణములను బలిగొన్నది. ఆ పిమ్మట నగరరక్షణకై 1920లో ఉస్మాన్ సాగరము, 1927లో హిమాయత్ సాగరము ముగిసినవి. జలాశయము ఊరిని కాపాడిన కథ ఇది. దీనిని మనస్సున నుంచుకొని అలంపురము పోవలెను. అక్కడి కథ వేఱు.

అలంపురము హైదరాబాదునకు రమారమి రెండు వందల పదునైదు కిలోమీటర్లు. కర్నూలు రాజబాటలో బీచుపల్లి వద్ద కృష్ణ దాటి, అలంపురము చౌరస్తాలో దిగి లోనికి పోవలెను. ఈ తాలూకా నిజాము రాజ్యమున రాయచూరు జిల్లాలోనిది. 1956లో మహబూబునగరు జిల్లాకు చేరినది. 2016 నుండి జోగులాంబ గద్వాల జిల్లాలో నున్నది. అరువది యేండ్లలో మూడు జిల్లాలు. పాత దస్తావేజులు వెదకువారికి ఇది చిన్న విషయము కాదు.

అక్కడి నవబ్రహ్మాలయములు బాదామి చాళుక్యుల నాటివి. స్వర్గబ్రహ్మాలయమున వినయాదిత్యుని కాలపు శాసనమున్నది. అతడు 681 నుండి 696 వఱకు ఏలినవాడు. చార్మినారు పుట్టినది 1591లో. అనగా మనము ఒక్క పూట ప్రయాణములో తొమ్మిది వందల యేండ్లు వెనుకకు పోవుదుము. పేరు బ్రహ్మలదేయైనను లోపల నున్నది శివలింగములే. శిఖరములను చూడుడు. తారకబ్రహ్మాలయము తక్క తక్కినవి ఉత్తరదేశపు నాగర పద్ధతివి. తుంగభద్ర యొడ్డున ఆ శిల్పరీతి నిలిచియుండుట చూచి నేటికిని పండితులు ముచ్చటపడుదురు. పదునాలుగవ శతాబ్ది చివర దండయాత్రలో జోగులాంబ గుడి నశింపగా విగ్రహమును బాలబ్రహ్మాలయమున దాచిరని స్థలచరిత్ర. క్రొత్త గుడి 2005లో ముగిసినది.

గ్రంథాలయమువారికి ప్రియమైన మాట యొకటి. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు మహాసభలు జరిగినది ఈ చిన్న ఊరనే. కాళోజీ 'నా గొడవ'ను శ్రీశ్రీ ఆవిష్కరించినది ఆ సభలలోనే. పూనుకొని నడిపినవాడు ఆ ఊరి పండితుడు గడియారము రామకృష్ణశర్మ. ఆయన ఆత్మకథ 'శతపత్రము'నకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. పట్టణములకు పోనిదే విద్య రాదనువారికి ఈ ఊరు చూపవచ్చును.

ఇక నేను ఎక్కువసేపు నిలుపదలచిన చోటు కూడలి సంగమేశ్వరాలయము. ఇది ఇప్పుడు అలంపురము చెంతనున్నది గాని, పుట్టినది ఇక్కడ కాదు. కృష్ణా తుంగభద్రలు కలియు కూడవెల్లిలో నుండెడిది. 1963లో శ్రీశైలము ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. నీరు నిలిచిన కూడవెల్లి మునుగునని తెలిసి, పురావస్తు శాఖవారు ఆలయమును విప్పి, రాతిరాతికి అంకె వేసి, తెచ్చి, ఇక్కడ మరల కూర్చిరి. పాపనాశనపు గుళ్లను సైతము ఇట్లే తరలించిరి. నవబ్రహ్మాలయములకు నీరు రాకుండ నదివైపు గోడ కట్టిరి. ఇది మెచ్చదగిన పని. (ప్రతి వేసవిలో నీటినుండి తేలు సంగమేశ్వరుడు వేఱు, అది నంద్యాల జిల్లాలోని నివృత్తి సంగమము. పత్రికలవారు కూడ ఈ రెంటిని కలిపి వ్రాయుచుందురు.)

ఆ జలాశయములో మునిగినవి గుళ్లు మాత్రమే కావు. ఉభయ తీరములయందు వందకు పైగా గ్రామములు పూర్ణముగనో కొంతగనో ముంపునకు లోనైనవి. 1981 వేసవిలో ఇండ్లు పడగొట్టి జనులను వెడలించిరి. గుడిరాతికి అంకె వేసినంత శ్రద్ధగా ఇంటిరాతికి అంకె వేయలేదు. ఊరి లెక్కలు చేతబట్టినవానిగా నాకు తోచునది చెప్పెదను: పొలమునకు వెల కట్టవచ్చును, ఇంటికి వెల కట్టవచ్చును, రచ్చబండకు, ఊరబావికి, శ్మశానమునకు ఏ పద్దు క్రింద వ్రాయవలెను? సంగమేశ్వరుని ప్రదక్షిణము చేయునప్పుడు ఆ ఊళ్లవారిని గూర్చి కూడ మాటలాడుకొనుడు. అక్కడి వృద్ధులు చెప్పునది వినుటకే నేను పట్టికలో రెండు గంటలు విడిచితిని. భోజనము ఆలస్యమైనను ఆ గంటలను తగ్గింపవలదని కార్యదర్శిగారికి మనవి.

కాలము విషయము. వర్షములు ముదిరిన పిదప పోవుట మంచిది కాదు. 2009 అక్టోబరు మొదట తుంగభద్ర వచ్చి అలంపురమును, కర్నూలును ముంచినది. మార్గశిరము, పుష్యము అనుకూలములు. చలి యున్నను ఎండ యుండదు, శిల్పములు సాయంకాలపు వెలుగులో స్పష్టముగా కనబడును. ప్రదర్శనశాలను మధ్యాహ్నము చూచి, గుళ్లను పొద్దువాలునప్పుడు చూడుడు. సంగమేశ్వరునికి ఉదయమే పోవలెను. చౌరస్తా బస్సు దొరకుటకు చీకటికి ముందే లేవవలసియుండును. నీటిసీసాలు, పిల్లలకు జంతికలు ఇంటినుండియే తెచ్చుకొనుడు.